చీనాదేశపు వార్తలు – విదేశీయుని సాక్ష్యము



మన తర్కశాస్త్రము జ్ఞానమార్గములను జెప్పుచుఁ బ్రత్యక్షమును మొదట నిలిపినది. కన్నులారఁ జూచినదానికి వేఱు సాక్ష్య మక్కఱలేదని లోకమును నమ్ముచున్నది. కాని పరదేశమునకుఁ బోయి, అచటివారి యాతిథ్యము గొని, వారు చూపిన వీథులఁ దిరిగి వచ్చినవాఁడు "నేను చూచితిని" అని చెప్పునప్పుడు, అది ప్రత్యక్షమగునా, లేక శబ్దప్రమాణమే యగునా? చూచినవి తన కన్నులే యైనను, ఏది చూడవలెనో నిర్ణయించినవాఁడు మఱియొకఁడు. అట్టి చూపు నిజమునకుఁ జూపించినవాని మాటయే. మాట యైనప్పుడు దాని విలువ, చెప్పినవాఁడు ఆప్తుఁడా కాఁడా యనుదానిపై నాధారపడును. ఉన్నదానిని ఉన్నట్లెఱిఁగి, ఎఱిఁగినట్లు చెప్పువానినే మనవా రాప్తుఁ డనిరి.

ఈ విచారము చీనాదేశ విషయమున నూటయేఁబది యేండ్లుగా విదేశీయులకుఁ దటస్థించుచున్నది. ఆ దేశమున వార్త యెట్లు పుట్టుచుండెను, పాలకులును వర్తకులును దమ్ముఁ గూర్చి లోకమున మంచి యభిప్రాయము నెట్లు కలిగించుకొనుచుండిరి, విదేశీయులు దాని నెంతవఱకుఁ దెలిసికొనఁగలిగిరి యనునది నేఁటి ప్రసంగమునకు విషయము. అభిప్రాయము కలిగించు నీ విద్యకు మన కార్యాలయములలోఁ బౌరసంబంధము లను పేరు కలదు. చీనావారు దానిని 'గుంగ్‌గ్వాన్' అందురు. 'గుంగ్' అనఁగా బహుజనులకుఁ జెందినది. 'గ్వాన్' అనఁగా సంబంధము. పేరు క్రొత్తదేకాని పని ప్రాఁతది.

చీనాలో వార్తాపత్రము మిక్కిలి ప్రాచీనమైన వస్తువు. తాంగు వంశీయుల కాలమునాఁటికే, అనఁగా వేయియేండ్లకుఁ బూర్వమే, రాజధానినుండి రాష్ట్రాధికారులకు ఆస్థానవార్తలు వ్రాసి పంపు నాచార ముండెను. చక్రవర్తి యాజ్ఞలు, ఉద్యోగుల విన్నపములు, నియామకములు, తొలగింపులు అందుండెడివి. చింగు వంశీయుల కాలమున (1644–1911) నిట్టి పత్రమును విదేశీయులు పేకింగు గెజెటని వ్యవహరించిరి. పేకింగనఁగా నేఁటి బీజింగు. పందొమ్మిదవ శతాబ్దమున షాంఘైలో నాంగ్లేయులు నడపిన నార్తు చైనా హెరాల్డు పత్రిక దాని యనువాదములఁ బ్రకటించెడిది.

ఆ గెజెటును జూచినచో రెండు విషయములు తోఁచును. మొదటిది, అందు వఱదలు, కఱవులు, ఉద్యోగుల యక్రమములు దాఁపఁబడలేదు. విన్నపములలో నధికారులే వానిని వ్రాసికొనిరి. రెండవది, ఆ వార్త క్రిందినుండి పైకిని, పైనుండి క్రిందికినిఁ బోవుచుండెనేకాని ప్రక్కకుఁ బోలేదు. అది ప్రభువునకును ఉద్యోగికిని నడుమ జరుగు సంభాషణము. ఒక యూరి ప్రజ మఱియొక యూరి ప్రజకుఁ దన కష్టము చెప్పుకొను సాధనము గాదు. ఈ భేదమును శ్రోతలు జ్ఞాపక ముంచుకొనవలెను. ఏలయనఁగా నిది రాజవంశములతో నంతరింపలేదు.

ప్రక్కకుఁ బోవు వార్త షాంఘైలోఁ బ్రబలమయ్యెను. 1872 ఏప్రిలు 30వ తేదీన ఎర్నెస్టు మేజరను నాంగ్లేయ వర్తకుఁడు షెన్‌పావో యను చీనాభాషాపత్రికను స్థాపించెను. సొమ్ము విదేశీయునిది, వ్రాసినవారు చీనా పండితులు, చదివినవారు చీనా ప్రజలు. మేజరు ధర్మార్థముగా నీ పని చేయలేదు. అతఁడు వర్తకుఁడు, పత్రిక యమ్ముడుపోవలెనన్నఁ జదువరి కిష్టమైన దుండవలెనని యెఱిఁగినవాఁడు. అయినను ఆ వ్యాపారమునుండి యొక మేలు పుట్టినది.

1873లో జెజియాంగు రాష్ట్రమున యూహాంగను నూర, డౌఫూ దుకాణమునఁ బనిచేయు గే పిన్‌లియె నను యువకుఁడు హఠాత్తుగా మరణించెను. అతని భార్యయు, రాష్ట్రపరీక్షలో నుత్తీర్ణుఁడైన యాంగ్ నైవూ యను పండితుఁడును గలిసి విషము పెట్టిరని నింద వచ్చెను. చిత్రహింసలచే నిరువురును నేర మొప్పుకొనిరి, మరణశిక్ష విధింపఁబడెను. షెన్‌పావో పత్రిక యీ యభియోగమును విడువక ప్రకటించెను. చిత్రహింసవలన వచ్చిన యొప్పుకోలు సాక్ష్యము కాఁజాలదను చర్చకుఁ జోటిచ్చెను. యాంగు సోదరియు భార్యయుఁ బేకింగునకుఁ బోయి మొఱపెట్టుకొనిరి. ఆ రాష్ట్రమువారైన రాజధాని యుద్యోగులు వారి పక్షము వహించిరి. తుదకు శవపేటికను బేకింగునకుఁ దెప్పించి, యెల్లరి యెదుటఁ దెఱచి, యెముకలను బరీక్షింపఁగా విషము జాడ కానరాలేదు. 1877లో నిరువురును విడుదలయైరి. రాష్ట్రపాలకుఁడు మొదలు పెక్కురు ఉద్యోగములు గోల్పోయిరి. ఇదంతయుఁ బత్రికయే చేసెననుట యత్యుక్తి. కాని మాఱుమూల న్యాయస్థానమున జరిగిన యన్యాయము, గెజెటునకుఁ జేరకమునుపే వేలకొలఁది చదువరులకుఁ దెలియుట యా దేశమునకుఁ గ్రొత్త.

ఇందొక విషాదమును గలదు. ఆ పత్రిక కంత ధైర్య మెట్లు కలిగెను? షాంఘైలోని విదేశీయ నివాసభాగమునఁ జీనా శాసనములు చెల్లవు. యుద్ధములలో నోడించి, బలవంతపు టొడంబడికలచే విదేశీయులు సంపాదించుకొన్న యక్రమాధికార మది. దేశమున కవమానమైన యా గోడయే దేశీయుల సత్యవాక్యమునకు నీడ యయ్యెను. 1903లో సూపావో పత్రికలో రాజవంశమును నిందించిన జాంగ్ బింగ్‌లిన్, జౌ రుంగ్ అనువారలను దమ కప్పగింపుమని చింగు ప్రభుత్వము కోరినను, విదేశీయు లొప్పుకొనక తమ మిశ్రన్యాయస్థానముననే విచారించి, మూఁడేండ్లు, రెండేండ్లు చెఱతో సరిపుచ్చిరి. యువకుఁడైన జౌ రుంగు 1905లో నా చెఱలోనే మరణించెను. నీడయు సంపూర్ణము గాదు.

విదేశీయుఁ డగుటచేతనే యెవఁడు నాప్తుఁడు గాఁడు. 1900లో బాక్సరు లనువారి తిరుగుబాటున విదేశరాయబారులు పేకింగున ముట్టడిలోఁ జిక్కిరి. జూలై 16వ తేదీని లండనులోని డెయిలీ మెయిలు పత్రిక, వారందఱును వధింపఁబడిరని షాంఘైనుండి వచ్చిన వార్తను బ్రకటించెను. మఱునాఁడు టైమ్సు పత్రిక, పేకింగులోని తన విలేఖరి జార్జి మోరిసనునకు నివాళివ్యాసము ముద్రించెను. మోరిసను గాయపడెనే కాని జీవించియే యుండెను. ముట్టడి యాగస్టు 14వ తేదీని దొలఁగెను. ఆ యసత్యవార్త యూరపులోఁ బ్రతీకారేచ్ఛను రగిల్చినది. పిమ్మట 1910లో రాజమాత జీవితమునుగూర్చి బ్లాండు, బ్యాక్‌హౌసు అను నిరువు రాంగ్లేయులు వ్రాసిన గ్రంథము మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. దానికిఁ బ్రధానాధారమైన యొక యుద్యోగి దినచర్య కూటసృష్టి యని తరువాతి పండితులు నిరూపించిరి. చీనాభాష నెఱిఁగినవాని మాట కెదురులేని కాలమున నట్టి మోసము సులభ మయ్యెను.

ఇఁక వార్తను జేయుట యెఱిఁగిన చీనా నాయకుల కాలమునకు వత్తము. 1936లో ఎడ్గారు స్నో యను నమెరికా విలేఖరి, ప్రభుత్వసేనల ముట్టడిని దాఁటి, వాయవ్యమున బావోఆ నను నూరనున్న కమ్యూనిస్టుల కడకుఁ బోయి నాలుగు మాసము లుండెను. మావో త్సేటుంగు తన జీవితకథను రాత్రులఁ దరబడి యతనికిఁ జెప్పెను. స్నో యాంగ్లమున వ్రాసికొన్నదానిని మరలఁ జీనాభాషలోనికి మార్చి, మావో దిద్దిన పిమ్మట, తిరిగి యాంగ్లము చేసిరి. 1937లో వెలువడిన 'చీనాపై ఎఱ్ఱ నక్షత్రము' అను నా గ్రంథము లోకమునకుఁ గ్రొత్త మనుష్యులను బరిచయము చేసినది. మఱుసటి యేఁడు చీనాభాషలోనికి వచ్చి, చీనా యువకులకే తమ దేశమున జరుగుచున్నదానిని దెలిపినది. తమ దేశవార్తను బరదేశి నోటఁ దిరిగి వినుట యాశ్చర్యమే. కాని యింటివాని నోరు కట్టినచోట నట్లే జరుగును. స్నో కష్టమున కోర్చి పోయినవాఁడు. అయినను అతఁడు పిలువఁబడిన యతిథి. అతని పుస్తకమున ముఖ్యభాగము చెప్పినవాఁడే దిద్దిన కథ. రెండును సత్యములే.

అదే కాలమునఁ బ్రభుత్వపక్షమునను బౌరసంబంధవిద్య వృద్ధిపొందెను. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయమునఁ బత్రికారచన నేర్చిన డుంగ్ శ్యెన్‌గ్వాంగు యుద్ధకాలపు రాజధానియైన చుంగ్‌కింగులో విదేశ విలేఖరులకు వసతి, భోజనము, దినదినము సమాచారము నేర్పఱచెను. వారి తంతివార్తలను బరీక్షించి కత్తిరించు నధికారమును నా శాఖదే. ఆతిథ్యమును, కత్తెరయు నొక్క యింట నుండెను.

ఆ యేర్పాటునకు 1943లోఁ బరీక్ష వచ్చెను. హెనాను రాష్ట్రమున వర్షములు లేక, యుద్ధమువలనను సేనలకై ధాన్యపుఁ బన్ను వసూలు చేయుటవలనను ఘోరమైన కఱవు సంభవించి, లక్షలకొలఁది ప్రజలు మరణించుచుండిరి. ఫిబ్రవరి 1వ తేదీని దాగుంగ్‌పావో యను చీనా పత్రిక తన విలేఖరి జాంగ్ గావ్‌ఫెంగు వ్రాసిన కఱవు వృత్తాంతమును బ్రకటించెను. మఱునాఁడు సంపాదకుఁడు వాంగ్ యున్‌షెంగు, రాజధానిలోని భోగమును హెనానులోని యాఁకలిని బ్రక్కప్రక్కను నిలిపి సంపాదకీయము వ్రాసెను. ప్రభుత్వము మూఁడు దినములు పత్రికను నిలిపివేసెను. ఆ శిక్షయే విదేశీయులకు మేలుకొలుపయ్యెను. టైము పత్రిక విలేఖరి థియొడోరు వైటు, లండను టైమ్సు విలేఖరి హారిసను ఫోర్మను హెనానునకుఁ బోయి, దారిప్రక్కఁ బడియున్న శవములను, కుక్కలు పీఁకిన దేహములను జూచి చిత్రములు తీసిరి. వైటు లోయాంగునుండి పంపిన తంతి, చుంగ్‌కింగు కత్తెరకుఁ జిక్కక, చెంగ్డూ మార్గమున న్యూయార్కు చేరెను. మార్చి 22వ తేదీని టైము దానిని బ్రకటించినది. అప్పు డమెరికాలోఁ బర్యటించుచుఁ దన దేశమునకై సానుభూతి సంపాదించుచున్న చియాంగ్ కైషేకు భార్య, ఆ విలేఖరిని దొలఁగింపుమని పత్రికాధిపతిని గోరెను, ఆయన యొప్పుకొనలేదు. వైటు తరువాతఁ జియాంగును దర్శించి విషయము విన్నవింపఁగా నాయన తొలుత నమ్మలేదు. చిత్రములు చూపిన పిమ్మట నమ్మెను. తరువాత ధాన్యపు బండ్లు హెనానునకుఁ గదలినవి.

అదే సంవత్సరమున మన వంగదేశమునను గఱవు ప్రబలి యుండెను. కలకత్తాలోని స్టేట్స్‌మన్ పత్రిక యాగస్టు 22వ తేదీని వీథులఁ బడియున్న క్షుద్బాధితుల చిత్రములఁ బ్రకటించి, ప్రభుత్వపు మౌనమును భంగపఱచెను. ఈ రెండును గమనించినచో, వార్త యాలస్యమైనకొలఁది శవములు పెరుగునని తెలియుచున్నది. ఇది యలంకారము గాదు, లెక్క.

ఆ లెక్క మిక్కిలి భయంకరముగాఁ దేలినది 1959–61 సంవత్సరములలో. 'మహాపురోగమన' మను పేరిట గ్రామములను బెద్ద సమష్టికూటములుగాఁ జేసి, పండని ధాన్యమును బండినట్లు లెక్కలు వ్రాసి, ఆ లెక్కలప్రకారము ధాన్యమును సేకరింపఁగాఁ బల్లెలు పస్తులుండెను. ఆ కఱవున మరణించినవారు ఒకటిన్నర కోట్లు మొదలు నాలుగున్నర కోట్ల వఱకని పండితులు వేర్వేఱుగా లెక్కించిరి. అప్పుడును విదేశీయ యతిథులు వచ్చుచునే యుండిరి. ఆంగ్లేయ సేనాని మాంట్‌గోమరీ 1960లోను 1961లోను వచ్చెను. తరువాత ఫ్రాన్సు రాష్ట్రపతి యైన మిత్తెరాఁ 1961లో వచ్చెను. కఱవు లేదని యిరువురును జెప్పిరి. పూర్వము ముట్టడిని దాఁటి పోయిన ఆ స్నో యే 1960లో మరల వచ్చి, యైదు మాసములు తిరిగి, తా నాఁకలిచావులను జూడలేదని 1962లో గ్రంథము వ్రాసెను. అతఁ డసత్యము చెప్పెనని నే ననను. అతఁడు చూడలేదు, చూడనీయలేదు. చూడనిదానిని లేదనుకొనుటయే యతని దోషము.

ఆ దినములలోఁ బ్రజలు చదువు పత్రికలలోఁ బంటల మహిమ వర్ణింపఁబడుచుండఁగా, షిన్‌హ్వా వార్తాసంస్థ 'అంతరంగ సమాచార' మను రహస్యపత్రమును ముద్రించి పైయధికారులకుఁ బంపుచుండెను. పల్లెలలోని కష్టము కొంతవఱ కందుఁ గానవచ్చెడిది. శ్రోతలు పేకింగు గెజెటును జ్ఞాపకము చేసికొందురు గాక! రాజవంశము పోయినను వార్త పైకే పోవుచుండెను, ప్రక్కకుఁ బోలేదు. పత్రికాస్వాతంత్ర్యమును ఎన్నికలును గల దేశమున మహాక్షామములు సంభవింపవని, యిట్టి యుదాహరణమును గొనియే అమర్త్య సేనుగారు వాదించిరి.

1978 చివర నూతనార్థికవిధానము వచ్చిన పిమ్మట పరిస్థితి మాఱెను. 1979 జనవరి 4వ తేదీని తియాంజిను దినపత్రికలో నొక దంతమంజనపుఁ బ్రకటన వచ్చెను. అదే మాసము 28వ తేదీని షాంఘై టెలివిజనులో మొదటి వాణిజ్యప్రకటన చూపఁబడెను. గ్వాంగ్‌జౌలో విదేశీయుల కూటమితో లేచిన పెద్ద హోటళ్ళు పౌరసంబంధశాఖల నేర్పఱచినవి. 1984లో నా నగరముననే బాయ్‌యున్‌షాన్ అను ఔషధకర్మాగారము, ప్రభుత్వసంస్థలలో మొదటిసారిగా నట్టి శాఖను దెఱచెను. ఆ యేఁటనే హిల్ అండ్ నోల్టన్ అను నమెరికా సంస్థ పేకింగునఁ గార్యాలయము పెట్టెను. బర్సన్ మార్‌స్టెల్లర్ అను మఱియొకటి షిన్‌హ్వాతోఁ జేయి గలిపినది. తత్ఫలితముగా 1986లో నొక చీనా పౌరసంబంధసంస్థ పుట్టెను. విచారింపుఁడు: వార్త వ్రాయు సంస్థయే, వార్త వ్రాయించుకొను వర్తకునకు సలహాదారు!

ఈ విద్య యచటి పూర్వాచారములలోఁ గలిసిపోయినది. చీనావారికి 'గ్వాన్‌షి' యనఁగాఁ బరిచయముచే నేర్పడు పరస్పర బాధ్యత. వర్తకుఁడు సభ చేసి విలేఖరులను బిలిచినపుడు, వారికి ముద్రిత ప్రకటనతోఁ బాటు 'చేమాఫెయ్' అని యొక కవరు నిచ్చుట వాడుకయయ్యెను. ఆ మాటకు బండిగుఱ్ఱపుఁ గూలి యని యర్థము. విదేశీయ వ్యాపారులు దీనిని జూచి తొలుత ముక్కుపై వ్రేలు వేసికొనిరి. పిమ్మటఁ బెక్కురు తామును గవరు లిచ్చిరి. ఇందుఁ జీనావారిదే దోష మనుటకు వీలులేదు. తక్కువ జీతపు విలేఖరియు, తొందరపడు వర్తకుఁడును గల యే దేశమునను నిట్టి కవరు దొరకును.

కాని వార్తను సంబంధముగాఁ జూచుటవలనఁ బ్రాణములు పోవు సమయములు వచ్చినవి. అట్టివి రెండు చెప్పెదను.

2003లో సార్సను శ్వాసవ్యాధి చెలరేఁగెను. ఏప్రిలు 3వ తేదీని ఆరోగ్యమంత్రి పత్రికాగోష్ఠిలో బీజింగున రోగులు 12 మంది, మృతులు 3 మంది మాత్రమే యనియు, నగరము సురక్షిత మనియుఁ జెప్పెను. సైనిక వైద్యశాలలో శస్త్రచికిత్స చేసి విశ్రాంతి గొన్న జియాంగ్ యాన్‌యుంగు, 71 యేండ్ల వృద్ధుఁడు, టెలివిజనున నా మాట వినెను. అంతకంటె నెక్కువ రోగు లొక్క సైనిక వైద్యశాలలోనే యుండిరని యాయన యెఱుఁగును. మఱునాఁడు ప్రభుత్వ టెలివిజనునకును, హాంగ్‌కాంగులోని ఫీనిక్సు టెలివిజనునకును దన పేరుతో లేఖ వ్రాసెను. వారు మాటాడలేదు. తరువాత నది విదేశీయ విలేఖరులకుఁ జేరి, టైము పత్రిక ప్రకటించెను. ఏప్రిలు 20వ తేదీని ఆరోగ్యమంత్రియు, బీజింగు నగరాధ్యక్షుఁడును దొలఁగింపఁబడిరి. నగరమున రోగుల సంఖ్య 37 నుండి 339కి సవరింపఁబడెను.

ఇంటి లజ్జను వెలికిఁ జాటరాదని చీనావారి సామెత. మనవారును ఇంటిగుట్టు లంకకుఁ జేటందురు. కాని రామాయణమును సరిగాఁ జదివినవా రెఱుఁగుదురు: విభీషణుఁడు మొదట నన్నగారి సభలోనే హితవు చెప్పెను, అచట వినువారు లేక పోఁగా సముద్రము దాఁటెను. లంకకుఁ జేటు తెచ్చినది గుట్టు వెలికిఁ బోవుట గాదు, సభలో వినకపోవుట. ఆ వైద్యుఁడును మొదట దేశములోనే చెప్పెను. కొంతకాల మాయనను బత్రికలు మెచ్చుకొన్నవి. 1989 నాఁటి తియనన్మెను వధనుగూర్చి 2004లో మఱియొక లేఖ వ్రాసినందుకు నిర్బంధింపఁబడెను. అదే యేఁడు మెగసెసె బహుమానము వచ్చినను స్వయముగాఁ బోయి గ్రహింప వీలుపడలేదు. 2023లోఁ గాలధర్మము నొందెను.

రెండవది 2008 నాఁటి పాలపొడి వృత్తాంతము. పాలలో నీరు కలిపి, ఆ లోపము పరీక్షలోఁ దెలియకుండ మెలమైనను రసాయనమును గలుపుటవలన శిశువులకు మూత్రపిండములలో ఱాళ్ళు పుట్టెను. ఆ పాలపొడి చేసిన సాన్‌లు సంస్థలో న్యూజీలాండుకుఁ జెందిన ఫాంటెర్రా సహకారసంఘమునకు నూటికి 43 వంతుల భాగ ముండెను. ఆగస్టు 2వ తేదీని విషయము ఫాంటెర్రా ప్రతినిధులకుఁ దెలిసెను. ఆఱు దినములలో బీజింగు ఒలింపిక్కు క్రీడ లారంభము కావలసి యుండెను. ఆ దినముననే సాన్‌లు సంస్థ స్థానిక ప్రభుత్వమునకు లేఖ వ్రాసి, పత్రికలను జక్కపెట్టి తమకు సహాయపడుఁ డని కోరినట్లు తరువాతఁ జీనా ప్రభుత్వ పత్రికయే బయలుపఱచెను. ఫాంటెర్రావారు బహిరంగముగాఁ జాటక, స్థానికాధికారులద్వారా పని జరుపఁ బ్రయత్నించిరి. సెప్టెంబరు 8వ తేదీని న్యూజీలాండు ప్రధాని హెలెన్ క్లార్కు, స్థానికులను విడిచి నేరుగా బీజింగునకుఁ దెలుపుఁ డని నిర్ణయించెను.

ఈ మధ్యఁ జీనా పత్రికలలో రోగపడిన శిశువుల వార్తలు రాకపోలేదు. కాని యన్నింటను "ఒకానొక సంస్థవారి పాలపొడి" అనియే యుండెను. తల్లి యే డబ్బాను బారవేయవలెను? పేరులను సరిచేయుటయే పరిపాలనలో మొదటిపని యని కన్ఫ్యూషియసు శిష్యునకు బోధించెను. ఆయన దేశముననే యిరువదియైదు శతాబ్దముల పిమ్మట నొక పేరు లేకపోవుటవలన శిశువు లా పాలనే త్రాగుచుండిరి. సెప్టెంబరు 11వ తేదీని షాంఘైలోని 'తూర్పు ప్రాతఃకాలపత్రిక' విలేఖరి జియెన్ గ్వాంగ్‌జౌ, గాన్సూ రాష్ట్రపు 14 గురు శిశువుల రోగమునుగూర్చి వ్రాయుచు సాన్‌లు అను పేరు ముద్రించెను. ఆ రాత్రియే సంస్థ తన సరకును వెనుకకుఁ దీసికొనుట కొప్పుకొనెను. ఆఱుగురు శిశువులు మరణించిరి; సుమారు మూఁడు లక్షలమంది రోగపడిరి. సంస్థాధ్యక్షురాలికి 2009లో యావజ్జీవ కారాగారశిక్ష విధింపఁబడెను. ఆ విలేఖరి 2012లోఁ బత్రికావృత్తిని విడిచెను; ఆ పత్రిక ముద్రణము 2017 మొదటి దినమున నిలిచిపోయెను.

ఈ వృత్తాంతములన్నిటను విదేశీయుఁ డేమి చేసెను? ఇది నేఁటి ప్రసంగమునకు ముఖ్యమైన ప్రశ్న. విదేశీయుఁడు కన్నుగా నున్నప్పుడు పలుమాఱు మోసపోయెను: 1900లో లేని వధను లోకమునకుఁ జాటెను, 1960లో నున్న కఱవును గానలేదు. చెవిగా నున్నప్పుడు మాత్ర ముపకరించెను. షెన్‌పావోలో వ్రాసినవారు చీనా పండితులు. 1943లో మొదటి మాట దాగుంగ్‌పావోది. 2003లో సత్యము చెప్పినది వృద్ధ వైద్యుఁడు. 2008లోఁ బేరు చెప్పినది షాంఘై విలేఖరి. అప్పుడు ఫాంటెర్రావా రైదు వారములు నోరు మూసికొని యుండిరి. ఆప్తవాక్య మెప్పుడును ఆ దేశపువానిదే. ఇంట నది చెల్లనపుడు దాని కొక చోటిచ్చుటయే విదేశీయుఁడు చేయఁగలిగిన మంచిపని.

ఆ చోటు నేఁడు సంకుచిత మగుచున్నది. ఒలింపిక్కు క్రీడలకై 2007లో విదేశ విలేఖరులకు, సమ్మతించినవానితో మాటాడుటకు స్థానికాధికారి యనుమతి యక్కఱలేదని నియమము చేసి, 2008 అక్టోబరులో దానిని స్థిరపఱచిరి. కాని 2020లో నమెరికాతో వివాదము ముదురఁగాఁ బెక్కుమంది యమెరికా విలేఖరులు వెడలఁగొట్టఁబడిరి. మన దేశమునకును ఆ సెగ తగిలెను. ఇరు ప్రభుత్వములును ఒండొరుల విలేఖరులకు అనుమతుల నిరాకరించుచు, 2023 ఏప్రిలులో హిందూ పత్రిక విలేఖరియు, ఆకాశవాణిని నడుపు ప్రసారభారతి విలేఖరియుఁ దిరిగి బీజింగునకుఁ బోవ వీలులేకుండెను. సరిహద్దున సేనలు మోహరించియున్న కాలమున, నూటనలువది కోట్ల పొరుగువారిని మనవాని చెవితో వినుటకు మార్గము సన్నగిల్లుట చిన్న నష్టము గాదు. అట్టివేళలఁ జూపినవానిని జూచి మెచ్చుకొనుటయో, దూరమున నూహించి ద్వేషించుటయో మిగులును. రెండును జ్ఞానములు గావు.

కావున శ్రోతలకు నా మనవి యిది. చీనానుగూర్చి గాని, మఱి యే దేశమునుగూర్చి గాని, చివరకు మన దేశమునుగూర్చి గాని వార్త చదువునప్పుడు మూఁడు ప్రశ్నలు వేసికొనుఁడు. చూచినవానికి దారి చూపిన దెవరు? వార్తలోఁ బేరున్నదా, లేక "ఒకానొక" యని యున్నదా? చెప్పినవాఁ డా మాటవలన లాభపడెనా, కష్టపడెనా? కష్టపడి చెప్పినంతమాత్రమున మాట సత్య మగునని నే ననను. కాని నష్టమున కోర్చి, తన పేరు పెట్టి, ఎదుటివాని పేరు చెప్పినవాని మాటను దక్కినవారి మాటలకంటె ముందుగాఁ బరీక్షింపవలెను. యాంగ్ నైవూ యభియోగమున సత్యము దేలుటకు శవపేటిక తెఱవవలసి వచ్చినది. చెప్పుచున్నవాని మాటను సకాలమున విన్నచో, అంతవఱకుఁ బోవలసిన యవసర ముండదు.